బూజు పట్టని జాడీ

మొన్న తిరువళ్ళూరులో ఒక పెండ్లికి పోయినాను. పంక్తిలో నా పక్కన కూచున్న కొత్త చుట్టాలావిడకు మా చిన్నత్త నన్ను చూపించి, "మా అన్న కూతురే. ఈ వయసులో కూడా మట్టి పిసుక్కుంటా ఉండాది పాపం" అనింది. ఆ పాపం అనే మాట నాకు ఒంటికి పడదు. ఆకు మీద నుంచి తలెత్తి, "అవునమ్మా, పిసుకుతా. సారె మీద తిప్పుతా, పూత పూస్తా, కాలుస్తా, అమ్ముతా. నువ్వు ఊరగాయ దేంట్లో పెడతావు?" అని ఆవిడనే అడిగినా. ప్లాస్టిక్ డబ్బాలోనంట. "పాపం" అన్నా నేను. మా చిన్నత్త మూతి ముడుచుకొనింది.

ఇంతలో ఆకు చివర ఆవకాయ ముక్క పడింది. ఆవపిండి ఘాటు ముక్కుకెక్కింది. ఆ ఘాటుకు నాకు కండ్లలో నీళ్ళు రావు, కోపం వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే.

మట్టి మీద ప్రేమతో ఈ పనిలోకి వచ్చినానని చాలామంది అనుకుంటారు. పేపరోళ్ళు వచ్చినా అదే రాసుకొని పోతారు. ప్రేమ తరువాత ఎప్పుడో వచ్చింది. ముందర వచ్చింది కోపమే. అది ఎట్లా వచ్చిందో ఈ రోజు చెప్పేస్తా.

మా ఇల్లు తిరుత్తణి బజారు వీధిలో. ముందర పాత్రల అంగడి, వెనక ఇల్లు. తాత కాలంలో ఇత్తడి, రాగి అమ్మేవాళ్ళు. నాకు బుద్ధి తెలిసే నాటికి నాయన అంతా ఎవర్‌సిల్వర్‌కు, అంటే స్టీలుకు, మార్చేసినాడు. చెంబులు, కారియర్లు, ఇడ్లీ పాత్రలు, పైనుంచి కింది దాకా దొంతర్లే. పొద్దున ఎండ పడితే అంగడిలో కండ్లు తెరవలేము. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను దినమంతా టకటకమంటా ఉండేది. ఆడి కృత్తిక పండగకు కావళ్ళు మోసే జనం అరోహరా అంటా మా వాకిటి ముందరే కొండకు పోయేవాళ్ళు. ఆ దినం నాయన బేరం ఆపేసి, కొత్త ఎవర్‌సిల్వర్ అండాలో నీళ్ళమజ్జిగ కలిపి అందరికీ పోసేవాడు. అల్లం, కరివేపాకు, కొంచెం ఇంగువ. మేము పోసేదానికన్నా తాగేది ఎక్కువ.

అంత ఎవర్‌సిల్వర్ ఉండే ఇంట్లో ఊరగాయకు మాత్రం జాడీనే. ఉప్పుకూ పులుపుకూ తట్టుకొనేది అదొకటే అని అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, చెప్పేది. వంటింటి వెనక చీకటి కొట్లో జాడీలు గోడవారగా నిలబడి ఉండేవి. మెడ దాకా ఇటుకరంగు, కింద తెలుపు, మూతికి తెల్లగుడ్డ. ఆ కొట్టుకు అవ్వే కలెక్టరు. తలకు పోసుకోనిది గడప తొక్కకూడదు. దూరం ఉన్నవాళ్ళు ఆ పక్క తిరిగినా ఊరగాయ బూజు పడతాదని అవ్వ చట్టం. నెలసరి వస్తే మా ఇంట్లో దూరం అనేవాళ్ళు. వెనక వసారాలో చాప, చెంబు, కంచం, అన్నీ వేరే.

ఆవకాయ పెట్టే దినం మాత్రం ఇల్లంతా పండగే. కాయలు కొట్టే కత్తిపీట చప్పుడు, మంచినూనె వాసన, ఆవపిండి తుమ్ములు. అవ్వ అటు తిరిగితే నేనూ చిన్నత్తా ముక్కలు నొల్లుకొని, ఉప్పూకారం అద్ది, మిద్దె మీదకు పరుగు. చిన్నత్తకు అప్పటికి పెండ్లి కాలేదు. పండ్లు పులిసి రాత్రికి అన్నం నమలలేకపోతే, "దొంగ ముండల్లారా, బాగా అయింది" అని అవ్వ మజ్జిగన్నం పిసికి పెట్టేది. అవ్వ చెడ్డది కాదు. అవ్వ చట్టం చెడ్డది.

నేను పెద్దమనిషినైన ఏడు దీపావళికి వచ్చే ఐప్పసి వానలు విడవకుండా పట్టుకున్నాయి. గోడలు చెమ్మ, బట్టలు ఆరవు. ఆ వానల్లో ఒక పొద్దున అవ్వ పెద్ద జాడీ గుడ్డ విప్పింది. నూనె మీద తెల్లగా బూజు. చేయి పెట్టి తిప్పితే అడుగు దాకా పోయింది. అవ్వ అక్కడే గడపలో కూలబడింది. ఇంటి ఆవకాయ చెడితే ఆ ఏడు ఇంటికి చెడు అని మా వాళ్ళ నమ్మకం.

"ఎవురు ముట్టుకొన్నారు?" అనింది అవ్వ.

అప్పుడు చిన్నత్త, "పోయిన వారం దూరం ఉన్నెప్పుడు ఇది కొట్టు పక్కన తిరగతా ఉన్నింది. నేను చూసినా" అనింది.

నేను ముట్టుకోలేదు. కొట్లో పిల్లి పిల్లల్ని పెట్టిందని కిటికీలో నుంచి చూసినా, అంతే. ఎంత చెప్పినా విన్నవాళ్ళు లేరు. నాయన పేపరు చదువుకుంటా "ఆడోళ్ళ పంచాయితీ" అని తీసి పారేసినాడు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పతానే ఉండింది. అమ్మ ఒక్క మాట అంటుందని చూసినా. అనలేదు. ఆ దినం నాకు అందరికన్నా అమ్మ మీదే ఎక్కువ మండింది.

ఊరగాయ దిబ్బ మీద పోసినాక జాడీని నేనే కడిగినా. కడగతా ఉంటే లోపల ఒక జాగా గరుకుగా తగిలింది. పూత పట్టకుండా మట్టి బయటపడి ఉంది. దాని పక్కన వెంట్రుకంత గీత. సరే, చూద్దామని జాడీని తుడిచి ఆరబెట్టి, నీళ్ళు నింపి, అవ్వ విభూది తెచ్చి బయటంతా పూసినా. సాయంత్రానికి ఆ గీత ఉన్న చోట విభూది తడిసి నల్లగా చార దిగింది. చెమ్మ లోపలికీ బయటికీ తిరగతా ఉండాది, బూజు పట్టక ఏం చేస్తాది? అవ్వను చేయి పట్టుకొని తీసుకొచ్చి చూపించినా. "చూడవ్వా. నీ విభూదే చెప్తా ఉండాది. జాడీ పగిలింది. నా చేయి కాదు."

అవ్వ వంగి, వేలితో చార తాకి చూసింది. "ఆ పగులు యాడనుంచి వచ్చిందే? నువ్వు తగిలినందుకే గదా జాడీ పగిలింది" అనింది.

నేను తెచ్చిన విభూది సాక్షి కూడా అవ్వ పక్కకే పోయింది. ఆ రాత్రి పడుకొని, ఈ మాట మోసుకొని బతికేది లేదని గట్టిగా అనుకొన్నా.

కే.జీ.కండిగై పోయే దోవలో అప్పుడు జాడీలు చేసే కొట్టాయి ఒకటి ఉండేది. పెద్ద రేకుల చావిడి, పక్కన జాడీలు కాల్చే ఇటుకల ఆము, సవుకు కట్టెల కుప్పలు. మా జాడీలన్నీ అక్కడివే. శనివారం సంత బస్సెక్కి, పగిలిన జాడీని ఒళ్ళో పెట్టుకొని పోయినా. ఓనరు నున్నగా తల దువ్వుకొని కుర్చీలో ఉన్నాడు. జాడీని అటు తిప్పి ఇటు తిప్పి, "జాడి మేల కుత్తం ఇల్లమ్మా. పొంబళ కై పట్టిరుక్కుం" అన్నాడు. జాడీ తప్పేం లేదంట, ఆడదాని చేయి తగిలి ఉంటుందంట. మా ఇంట్లో అవ్వకూ ఈయనకూ ఎవరు చెప్పిచ్చినారో ఒకటే పాఠం.

నేను చుట్టూ చూసినా. సారె తిప్పేది మగోళ్ళే గానీ, చేసిన జాడీలను తొట్ల ముందర కూచుని పూతలో ముంచేది అంతా ఆడోళ్ళు. మోచేతుల దాకా తెల్లగా. "అయితే వీళ్ళకు నెలలో ఆ దినాలు రావా?" అని గట్టిగానే అడిగినా.

ఓనరు లేచి బయటికి పోయినాడు. తొట్టి దగ్గర ఒకావిడ పొట్ట పట్టుకొని నవ్వింది. వాళ్ళు మాకు మాదిరే తెలుగు మాట్లాడే కుమ్మరోళ్ళు. నాకు అప్పటినుంచి ఆమె పూతక్క. "దూరం అని ఇంట్లో కూచుంటే మా పొయ్యి ఎవురు ముట్టిస్తారు పాపా? ఈ తాలూకాలో మడి కొట్లో ఉండే ప్రతి జాడీ మా చేతుల్లో మునిగి లేచిందే. మీ అవ్వదీ అంతే" అనింది. పగిలిన జాడీలో చేయి పెట్టి తడిమి, "దుమ్ము తుడవకుండా ముంచేసినారు. తొందర. బయట మెరిస్తే చాలు అంటాడు ఈయన, లోపల ఎవురు చూస్తారని" అనింది.

"నేను ఒక జాడీ చేస్తా. నా చేత్తో. నేర్పిస్తావా?" అన్నా.

"ఆడది సారె ముందర కూచుంటే ఆము కూలతాదంట."

"కూలుతుందా?"

"ఎవురు కూచున్నారు చూసేదానికి?" అనింది పూతక్క.

ఆ తరువాత శనాదివారాల్లో నేను తయ్యల్ క్లాసుకు, అంటే కుట్టుపని నేర్చుకొనేదానికి, పోతా ఉన్నానని ఇంట్లో చెప్పినా. మధ్యాన్నం అన్నాలు తిని మగోళ్ళు చావిడి నీడలో నడుం వాల్చగానే నేనూ పూతక్కా సారె దగ్గరికి పోయేవాళ్ళం. సారె తిప్పడం ఆమెకూ రాదు, చూసిందే గానీ ఎప్పుడూ కూచోలేదు. ఆమె కర్ర పెట్టి సారె తిప్పేది, నేను మట్టి పట్టేదాన్ని. మట్టి నడుమకు రాదు. ఎగిరి నా మొహాన పడేది. లేచినట్టే లేచి తాగుబోతు మాదిరి పక్కకు ఒరిగేది. పూతక్క నోట్లో కొంగు కుక్కుకొని నవ్వేది. ఒకసారి ఆమె మొగుడు, నేను సారె బావ అని పిలిచేదాన్ని, కండ్లు తెరిచి మమ్మల్ని చూసినాడు. పూతక్క కర్ర వదిలేసింది. ఆయన కొంచెంసేపు చూసి అటు తిరిగి పడుకున్నాడు. "మట్టిని బతిమాలాకండి. నడుము బిగబట్టి తోయండి" అని గోడతో చెప్పినట్టు చెప్పినాడు.

అమ్మకు ముందుగా తెలిసిపోయింది. ఒక రాత్రి నా చేతికి పెరుగన్నం ముద్ద పెడతా గోర్లు చూసింది. "తయ్యల్ క్లాసులో మట్టి కుట్టిస్తారా?" అనింది. అమ్మ ఇంకో ముద్ద పెట్టింది. మరుసటి శనివారం నా సంచిలో పాత రవికెగుడ్డ ఒకటి మడిచి పెట్టి ఉంది, చేతులు తుడుచుకొనేదానికి.

మొదటి జాడీ తొందరపడి ఎండలో పెట్టినా, చీలిపోయింది. తరువాతిది నీడలో తడిగుడ్డ కింద ఆరబెట్టినాం. పూత పూతక్కే కలపడం చూపించింది. ఆము పొయ్యిలోని సవుకు బూడిద తెచ్చి, నీళ్ళలో కడిగి, పాత పంచె గుడ్డలో వడగట్టి, రాతిపొడీ మట్టీ కలిపి. "దోసెపిండి కన్నా పలచన, మజ్జిగ కన్నా చిక్కన" అనేది. లోపల తడిగుడ్డతో తుడిచి, పూత పోసి, జాడీని చేతుల్లో చంటిబిడ్డను తిప్పినట్టు తిప్పి వంచేసినా. ఈ రోజుకూ నా బూడిద పూతలు ఇంతే. ఎందరో వచ్చి లెక్కలు అడుగుతారు, నేను దోసెపిండి చూపిస్తా.

ఆము కాల్చే దినం కర్పూరం వెలిగించి నిమ్మకాయ కోసి, ఆడోళ్ళందరినీ చావిడి అవతలికి తరిమేస్తారు. నా జాడీని ముందే పెద్ద జాడీల సందులో పెట్టేసింది పూతక్క. ఆము చల్లారి తలుపు ఇటుకలు తీసినాక ఒక్కొక్కటే బయటికి వచ్చినాయి. ఆము కూలలేదు. నా జాడీ ఓనరు చేతికి వచ్చింది. ఒక పక్క కొంచెం సొట్ట, కానీ బూడిద పూత నూనె మాదిరి జారి, ఆకుపచ్చా గోధుమా కలిసి నిలిచింది. ఆయన వేలిముడితో కొట్టినాడు. ణంగుమనింది.

"యారు సెంజది?" అన్నాడు.

"నేనే చేసినా సామీ" అన్నాడు సారె బావ, మమ్మల్ని కాచేదానికి.

ఊరుకొని ఉంటే సరిపోయేది. నాకు నోరు ఆగదు. "కాదు, నేను చేసినా. సారె మీద కూచుని. మీ ఆము నిలబడే ఉండాది, చూడండి" అన్నా.

ఆయన జాడీని నా చేతిలో పెట్టి, ఇంక ఈ గేటు లోపలికి రావద్దన్నాడు. వచ్చేస్తా ఉంటే పూతక్క తొట్టి దగ్గర నుంచి తెల్లటి చేయి ఎత్తి ఊపింది.

జాడీతో ఇంటికొచ్చి అంగడి మధ్యలో, ఎవర్‌సిల్వర్ నడుమ పెట్టి, చేసిందంతా చెప్పినా. నాయన మొహం కందిపోయింది. "నాలుగు ఊర్లకు పాత్రలు అమ్మే ఇంటి పిల్ల మట్టి కుండలు చేస్తాదా? నలుగురూ ఏమనుకుంటారు?" అని మొదలుపెట్టినాడు. అవ్వ వాకిలి పట్టుకొని నిలబడింది. అప్పుడే నేను పందెం కాసినా. "వచ్చే వేసవిలో నేను దూరం ఉన్నెప్పుడు, నా చేత్తోనే దీంట్లో ఆవకాయ పెడతా. ఐప్పసి వానలు దాటినాక తెరుద్దాం. బూజు పడితే నా చేతిదే తప్పు, మట్టి మాట ఇంక ఎత్తను, మీరు చెప్పినట్టు వింటా. పట్టకపోతే నన్ను పని నేర్చుకోనీయాల."

"పడతాది" అనింది అవ్వ.

"అయితే నీకేం భయం?" అన్నా.

అట్లనే వేసవి వచ్చింది. వెనక వసారాలో చాప మీద కూచుని, "అమ్మా, మామిడి ముక్కలు" అని పిలిచినా. అమ్మ తలుపులో చాలాసేపు నిలబడింది. తరువాత ముక్కలు, ఉప్పు, కారం, ఆవపిండి, నూనె ఒక్కొక్కటే తెచ్చి గడప ఇవతల పెట్టింది. ఎంతెంత వెయ్యాలో మెల్లిగా చెప్పింది. నేను కలిపి, జాడీకి ఎత్తి, గుడ్డ కట్టినా. కొట్లోకి దాన్ని రానీలేదు, వసారా మూలలోనే పెట్టినాం. అమావాస్య అమావాస్యకూ అవ్వ దూరం నుంచే కర్రతో గుడ్డ కొస ఎత్తి చూసి పోయేది. ఏమీ కనపడక విసుక్కొనేది.

వానలు వచ్చినాయి. ఆ ఏడు వానలకు గోడ మీద పచ్చగా పాచి లేచింది, నా పుస్తకాల అట్టలు కూడా బూజు పట్టినాయి. నాకు నిద్ర లేదు. పైకి అంత పొగరుగా తిరిగేదాన్ని గానీ, లోపల భయమే. అవ్వ మాట నిజమైతే? నిజంగానే నా చేతిలో ఏదో ఉంటే? ఎవరికీ చెప్పలేదు గానీ ఆ వానల్లో చాలాసార్లు నా చేతులు నేనే తిప్పి తిప్పి చూసుకొన్నా.

కార్తీకంలో ఎండ కాసిన దినం, అందరూ అన్నాలకు కూచునే వేళ, జాడీని నడింట్లోకి తెచ్చినా. గుడ్డ విప్పినా. నూనె ఎర్రగా పైకి తేలి, ముక్క గట్టిగా, వాసన ఇల్లంతా పాకింది. బూజు లేదు. చెంచాతో అడుగు దాకా తిప్పి చూపించినా. లేదు.

చిన్నత్త తల వంచుకొనింది. నాయన అవ్వ పక్క చూసినాడు. అవ్వ, "బూజు పట్టకపోతే మడి అయిపోతాదా? నేను తినను. ఎవురూ తినేది లేదు" అనింది. నాయన చేయి కంచం దగ్గరే ఆగిపోయింది. ఇది నేను అనుకోలేదు. పందెం గెలిచినా, ఓడినట్టే నిలబడి ఉన్నా.

అమ్మ వంటింట్లో నుంచి వచ్చింది. మగోళ్ళు తిన్నాక గానీ తినని మనిషి. కంచం తెచ్చుకొని నాయన ఎదురుగా నేల మీద కూచునింది. వేడన్నం పెట్టుకొని, నా జాడీలో నుంచి ముక్క తీసి, నూనెతో కలిపి ముద్ద నోట్లో పెట్టుకొనింది. నిదానంగా నమిలింది.

"నేను ఈ ఇంటికి వచ్చిన ఏడు కూడా ఒక జాడీ బూజు పట్టింది" అనింది, ఎవరినీ చూడకుండా. "కొత్త కోడలి చేయి అన్నారు. నేనూ అట్లే అనుకొన్నా. ఇన్నేండ్లూ కొట్లోకి పోతే చేతులు వెనక పెట్టుకొనే పోతా ఉండా. నా చేతిది కాదన్నమాట."

తరువాత నా పక్క తిరిగి, "ఇంకొక ముక్క వెయ్యి" అనింది.

అవ్వ లేచి పోయింది. ఆమె బతికినంతకాలం నా జాడీలో ఊరగాయ ముట్టలేదు. పోనీ, అది ఆమె నోరు. నాయన మాత్రం, "సరే, ఏదో ఒక చోట నేర్చుకో" అన్నాడు. ఆ ఏదో ఒక చోటు దొరికేదానికి చాలా కాలమే పట్టింది. ఎన్నో గేట్లు మూసినారు, కొన్ని నేను తోసుకొని పోయినా. జాడీల కొట్టాయి ప్లాస్టిక్ వచ్చినాక మూతపడింది. పూతక్కా సారె బావా లేరు. నా ఆము నేనే కట్టుకొన్నా. నా దగ్గర పని చేసే ఆడపిల్లలు ఏ దినమైనా సారె ముందర కూచుంటారు. ఇన్నేండ్లలో ఆము రెండు మూడు సార్లు కూలింది, అది నేను ఇటుకలు సరిగ్గా పేర్చనందుకు.

ఎవరైనా వచ్చి నా పాత్రల్లో మంచిది ఏదని అడిగితే ఏదో ఒకటి చూపిస్తా. మనసులో మాత్రం ఆ మరుసటి వేసవే ఉంటుంది. నడింట్లో ఆవకాయకు అంతా సిద్ధం చేసి ఉంటే, అవ్వ పిలవకముందే అమ్మ పోయి పెద్ద బేసిన్ ముందర కూచుని, రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి కలపడం మొదలుపెట్టింది. అవ్వ గడపలో ఆగి దినాలు లెక్క వేసుకొనింది. "ఏమే, ఈ రోజు నీకు..." అని నోరు తెరిచింది.

"అవునత్తా, దూరమే" అనింది అమ్మ, చేతులు తీయకుండా.